అమ్మ చెవి కమ్మలు

నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఈ సంక్రాంతికి మా అమ్మ పోయి ఏడాది. ఆమెను గురించి నాలుగు మాటలు రాయాలని చానా దినాలుగా మనసులో ఉంది.

అమ్మ వయసు ఇంతని ఎవరికీ సరిగా తెలియదు. 1947లో దేశానికి స్వతంత్రం వచ్చినప్పుడు తాను పావడ కట్టే పిల్లనని చెప్తా ఉండె. 1957లో కృష్ణగిరి డ్యాము తెరిచినప్పుడు నేను చంకలో బిడ్డనంట. ఆ లెక్కన తొంభైకి దగ్గరగా బతికింది. కెలమంగలం పక్కన మా ఊర్లో ఒకే ఇంట్లో కాపురం చేసింది. ఆ ఇల్లు ముందు సేలం జిల్లాలో ఉండె. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. "ఇల్లు ఉన్నకాడే ఉండాది, జిల్లాలే మారతా ఉండాయి" అని నవ్వేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాయన పోయె. నేను, ముగ్గురు చెల్లెళ్ళు. అమ్మ రాగులు, అనపకాయలు పండించి, తట్ట నెత్తిన పెట్టుకొని సంతకు పోయి అమ్మి మమ్మల్ని సాకింది. చలికాలంలో దీపం ముందర కూర్చొని నానిన అనపగింజలు పితికేది. ఆ పప్పు సంతకు పోయేది, మాకు ముద్దలోకి ఒట్టి పులుసు.

ఇరవై ఏండ్లకు నేను హోసూరు దిక్కు ఒక మిల్లులో చేరితిని. రింగ్ ఫ్రేము కాడ తెగిన దారాలు అతికే పని. రాత్రి షిఫ్టు ముగించుకొని వస్తే అమ్మ వాకిట్లోనే నిలబెట్టి, పాతగుడ్డతో తలమీది దూది దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది.

కొన్నేళ్ళకు మిల్లుకు తాళం పడింది. పది నెలలు జీతం లేదు. అంగట్లో అప్పు పుట్టలేదు. ఒక పొద్దున అమ్మ తన చెవుల కమ్మలు తీసి నా చేతిలో పెట్టె. ఒక సవరను బంగారం, ఆమె పుట్టింటివాళ్ళు పెట్టినవి. "కుదువ పెట్టి రాప్పా. మిల్లు తెరిస్తే ఇడిపిద్దువులే" అనె.

మిల్లు తెరిచింది. పాత అప్పులు తీర్చేసరికి గడువు దాటిపోయె. కమ్మలు వేలానికి పోయె. ఆ మాట అమ్మకు చెప్పలేకపోతిని. "వడ్డీ కడతా ఉండా, దీపావళి బోనసుకు తెస్తా" అని అబద్ధం చెప్తిని. చెవి రంధ్రాలు పూడకుండా అమ్మ వేపపుల్లలు పెట్టుకొనేది. తలకు పోసుకొన్న దినం పాతవి తీసి కొత్తవి పెట్టుకొనేది. అట్లా నాలుగు దీపావళులు పోయె. నాలుగుసార్లూ నేను అదే మాట చెప్తిని.

ఒక దినం చూస్తే చెవుల్లో పుల్లలు లేవు. ఎవరు చెప్పినారో, తానే గ్రహించిందో. ఆమె ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ముందు మాదిరే ముద్ద పెట్టె, పులుసు పోసె. నాకు గొంతు దిగలేదు.

యాభై ఎనిమిదికి రిటైరైతిని. ఏడాదికి పదిహేను దినాల జీతం లెక్కన గ్రాట్యుటీ వచ్చింది. మొదట చేసిన పని, ఒక సవరను కమ్మలు కొని అమ్మ చేతిలో పెట్టడం. వేళ్ళతో తడిమి చూసి, "బాగుండాయి. నా చెవులు పూడిపాయె కదప్పా. నీ మనవరాలికి ఎత్తిపెట్టు" అనె. అప్పుడన్నా నిజం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, ఇంక చెప్పేదేముంది అనుకొంటిని. అది తప్పని ఇప్పుడు తెలిసింది. తెలిసిన మాటే అయినా నా నోటి నుంచి వినాలని ఆమె అన్నేండ్లు చూసిందేమో.

ఇప్పుడు మనవరాలు ఆ కమ్మలు పెట్టుకొని తెల్లారి కంపెనీ బస్సెక్కి హోసూరుకు పనికి పోతుంది. "అవ్వ ఇచ్చిన కమ్మలు" అని అందరికీ చెప్పుకొంటుంది. మొన్న ఆదివారం పక్కన కూర్చోబెట్టుకొని దానికి ఈ కథంతా చెప్తిని. చానాసేపు మాట్లాడలేదు, చెవులు పట్టుకొని చూసుకొనింది.

కుదువ నగల కథ లేని మిల్లు ఇల్లు ఉండదు. చీటీ మీది గడువు చూసుకోండి, వడ్డీ దినం మరవద్దండి. నగ పోతే పోయిందని ఇంటి ఆడవాళ్ళకు చెప్పేయండి. వాళ్ళు ఉండగానే చెప్పండి.