అడిలైడ్ నుంచి పెర్త్‌కి నాన్నతో

ఉద్యోగం మారి అడిలైడ్ నుంచి పెర్త్ వెళ్ళాలి. కారుని ట్రక్కులో పంపించేసి విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో తేలిపోయే పని. కానీ గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, "విమానంలో ఏం కనపడుద్దిరా, రోడ్డు మీద పోదాం" అంటున్నారు. దాదాపు 2,700 కిలోమీటర్లు. ఆయన గుండెలో ఓ స్టెంటు కూడా ఉందాయె!

సెడూనా దాటాక నార్స్‌మన్ దాకా 1,200 కిలోమీటర్లు చెప్పుకోదగ్గ ఊరే లేదు. అక్కడక్కడా పెట్రోలు బంకు, నాలుగు గదులు ఉండే రోడ్‌హౌసులు, అంతే. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. చీకటి పడితే కంగారూలు అడ్డమొస్తాయి కాబట్టి పగలే నడపాలి. బాలడోనియా, కైగునాల మధ్య 146.6 కిలోమీటర్లు స్టీరింగు తిప్పే పనే లేదు. అదొక్కటీ నాన్నకి మహా నచ్చింది.

ఆ హైవేలో కొన్నిచోట్ల రోడ్డు మీదే రన్‌వే గీతలుంటాయి, ఫ్లయింగ్ డాక్టర్ విమానాలు దిగడానికి. 1928 నుంచీ ఉన్న సేవ అది. బానే ఉంది, కానీ వాళ్ళని పిలవాలంటే ఫోన్ పనిచెయ్యాలిగా? అందుకే గదులకన్నా ముందు శాటిలైట్ ఫోన్ అద్దెకి మాట్లాడాను. ఆఫీసులో డిజాస్టర్ రికవరీ ప్లాను కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు.

అన్నట్టు పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో పళ్ళు, పచ్చి కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. పచ్చిమిర్చి ఆలోపే ఖర్చైపోవాలి.

శుక్రవారం నాన్నకి గుండె పరీక్ష. రిపోర్టు చూశాకే గదులకి డబ్బు కడతాను. ఆయనేమో అప్పుడే పులిహోరకి చింతపండు ఎంత కావాలో లెక్కలేస్తున్నారు.