సాయంత్రం ఏడు

2024 మే 13, సోమవారం
ఓటు వేసి వచ్చాను. సిరా పెట్టే అమ్మాయి నా వేలు పట్టుకుని "కదపకండి సార్" అంది, రెండుసార్లు. నేను కదపడం లేదు, అదే కదులుతోంది. పోలింగ్ కోసం 48 గంటలు వైన్ షాపులు బంద్. శనివారం తెచ్చి దాచుకున్నది నిన్న పొద్దుటికే అయిపోయింది.

మే 14
రాత్రి గోడ మీద చీమల బారు. మా ఆవిడ లైటు వేసి, చేత్తో గోడ తుడిచి చూపించింది. చీమల్లేవు. తెల్లారేలోపు ఆస్పత్రి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. "ఇంట్లో తలుపేసుకుని మానేద్దామనుకోవద్దు, మా దగ్గరికి రండి" అన్నారు డాక్టరు. ఈ మాట మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

మే 20
డిశ్చార్జి. చీటీలో మాత్రలన్నిటికీ వేళలున్నాయి. సాయంత్రం ఏడింటికి ఏం చేయాలో మాత్రం లేదు. ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన వేళ అదొక్కటే.

మే 23
ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగ్. ఆ సంగతి చెప్పింది ఆస్పత్రి వార్డుబాయ్. నెంబరు ఇచ్చాడు. అవతల పెద్దాయన గొంతు: "పేరు చెప్పకున్నా ఫర్వాలేదన్నా. వచ్చి కూసో, చాయ్ తాగిపో." సికింద్రాబాద్‌లో ఒక చర్చి వెనకాల బడి. బోర్డు లేదు. గేటు దాకా వెళ్లి, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని వెనక్కి వచ్చేశాను. బారు ముందు నిలబడడానికి ఏనాడూ పడని సిగ్గు ఇక్కడ పడ్డాను.

మే 25, శనివారం
ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. "గేటు కాడనే ఉంటా." ఉన్నాడు. పిల్లల బెంచీల మీద పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరే పేరు చెప్పి, తాను తాగుబోతునని చెప్పి మొదలుపెడుతున్నారు. ఎవరూ మధ్యలో అడ్డు రారు, సలహా ఇవ్వరు. ఒకాయన కూతురి ఫీజు డబ్బులు తాగేసిన రోజు గురించి చెప్పాడు. ఆ రోజు నాకూ ఉంది. నా వంతు వచ్చినప్పుడు పేరొక్కటే చెప్పగలిగాను. చివర్లో చందా సంచీ తిప్పారు. నా దగ్గరికొచ్చేసరికి "కొత్తవాళ్లు వేయనక్కర్లేదు" అని పక్కకు పంపేశారు. బయటి విరాళాలు తీసుకోరట.

జూన్ 2
ఇంతకుముందు మానలేదా అంటే, మానాను. మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీసిన రాత్రే మొదలు. ఆ 41 రోజులే నన్ను ముంచాయి: ఎప్పుడంటే అప్పుడు మానగలనన్న ధీమా వాటి వల్లే వచ్చింది. అమ్మ తల మీద, పిల్ల తల మీద వేసిన ఒట్లకు లెక్క లేదు. మీటింగ్ గదిలో ఎవరూ ఒట్టు అడగలేదు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉండు, రేపటి సంగతి రేపు అంటారు.

జూన్ 10
1935లో ఇదే రోజు అమెరికాలో, ఏక్రన్ అనే ఊళ్లో, ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన డాక్టర్ బాబ్ చివరిసారి తాగాడట. అంతకు నెల ముందు బిల్ అనే షేర్ల వ్యాపారి, పనిమీద ఆ ఊరొచ్చి, తాగాలనిపించి, తనలాంటి తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆయన్ను పట్టుకున్నాడు. బాబ్‌ను బాగుచేయడానికి కాదు, తాను తాగకుండా ఉండడానికి. పెద్దాయన గేటు దగ్గర ఎందుకు నిలబడ్డాడో ఇది విన్నాకే తెలిసింది.

జూన్ 22
మా ఆవిడ ఆల్-అనాన్‌కు వెళ్లొచ్చింది, తాగేవాళ్ల కుటుంబాల మీటింగ్. ఏం మాట్లాడిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్నం వడ్డిస్తూ కూనిరాగం తీస్తోంది. ఎన్నేళ్లయిందో.

జూలై 6
నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచి 1992లో ఊరి నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా కదిలించారు. 1995 జనవరి 16న మద్యం నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. నిషేధం పెట్టినప్పుడు నాకు పన్నెండేళ్లు. షాపు మూతపడ్డాక మా నాన్న గుడుంబాకు మారాడు. షాపులు మూయాలని అడిగిన ఆ తల్లులది న్యాయమే. కానీ షాపు మూసిన సాయంత్రం నాన్న వెళ్లి కూర్చోడానికి ఇలాంటి బెంచీ ఒక్కటీ మా ఊళ్లో లేదు.

జూలై 21, ఆదివారం
బోనాలు. సాక పోశాక మా బామ్మర్ది కల్లు ముంత అందించాడు. "అమ్మవారిది బావా, వద్దనొద్దు." నోట్లో నీళ్లూరాయి. దొడ్లోకి వెళ్లి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఏం చెప్పాడో గుర్తులేదు, ఆయన ఇంట్లో కూడా డప్పులే. పావుగంట మాట్లాడుకున్నాం. లోపలికొచ్చి అన్నం తిన్నాను.

ఆగస్టు 3
మీటింగ్ గదిలో ఉన్నది ఒక్క ఆడమనిషి. ఆమె రెండు బస్సులు మారి వస్తుంది, తన పేటలో ఎవరూ చూడకూడదని. మగవాడు తాగితే ఇంటి కష్టం, ఆడది తాగితే వీధి తీర్పు. ఇది మనం మార్చుకోవాలి.

ఆగస్టు 12
రివ్యూకు వెళ్లి డాక్టరు గారికి మీటింగ్ సంగతి చెప్పాను. "మంచిదే, నాకూ తెలుసు" అన్నారు. తెలిసి కూడా చెప్పలేదే అనిపించింది. డీ-అడిక్షన్ వార్డులో పనిచేసే అయ్యలకూ అమ్మలకూ ఒక్కటే మనవి: మాత్రలు రాసిన చీటీ మీదే ఆ గది చిరునామా, గేటు దగ్గరుండే మనిషి నెంబరు కూడా రాసివ్వండి.