తాళానికి అందని గొంతు

జూన్ 3
ముందే రికార్డు చేసిన మృదంగం వింటూ, వేరే ట్రాక్‌లో కీర్తన పాడాలి. డెబియన్, జాక్ ఆడియో సర్వర్. బఫర్ 128 ఫ్రేములు, శాంపిల్ రేటు 48,000. అంటే ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ ఒక ముక్క సౌండ్ కార్డుకు అందాలి. పల్లవి ఎత్తుకోగానే టప్ టప్‌మని చప్పుళ్లు, ఎక్స్‌రన్ల (గడువుకు అందని ముక్కల) లెక్క పెరుగుతూనే ఉంది. 1024కి పెంచితే చప్పుళ్లు పోయాయి గానీ, నా గొంతు నాకే కనీసం 21 మిల్లీసెకన్లు వెనకబడి వినిపిస్తోంది. ఇలాగైతే తాళం నిలవదు.

జూన్ 4
ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే ఉంది. కొరత బలానిది కాదు, వంతుది. మామూలు పనులన్నిటికీ కెర్నల్ సమయాన్ని పంచిపెడుతుంది. బ్రౌజర్ వంతు నడుస్తుంటే ఆడియో ఆగి ఉండొచ్చు. ఫిఫో అనే రియల్‌టైమ్ షెడ్యూలింగ్‌లో 1 నుంచి 99 దాకా ప్రాధాన్యాలున్నాయి. ఆ వరసలోని థ్రెడ్ సిద్ధమైతే మామూలు పని తప్పుకోవాల్సిందే. ఆ హక్కు వాడుకరికి ఊరికే రాదు.

జూన్ 5
ఈటీసీలో, సెక్యూరిటీ కింద, లిమిట్స్ డాట్ డి ఫోల్డర్లో ఆడియో డాట్ కాన్ఫ్. అందులో ఆడియో గ్రూపుకు రెండు వరసలు: ఆర్‌టీప్రియో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్. మొదటిది వంతు కోసం. రెండోది, ర్యామ్‌లోని ఆడియో డేటా స్వాప్‌లోకి పోకుండా. నా పాత హార్డ్‌డిస్కు నుంచి దాన్ని వెనక్కి తెచ్చేలోపు గడువు దాటిపోతుంది. యూజర్‌మాడ్‌తో గ్రూపులో చేరాను. ఈ పరిమితులను లాగిన్ అప్పుడే పామ్ (ధ్రువీకరణ వ్యవస్థ) అమలు చేస్తుంది కాబట్టి, లాగౌటై మళ్లీ వచ్చాను. యూలిమిట్ 95 చూపించింది. 128లోనే చరణం దాకా శుభ్రంగా వచ్చింది.

జూన్ 7
"జాక్‌ను రూట్‌గా నడిపేస్తే పోయేదిగా అక్కా?" అన్నాడు తమ్ముడు. రూట్ అంటే అన్ని అధికారాలూ ఇచ్చేయడమే; గది అద్దెకు అడిగినవాడికి ఇల్లు రాసిచ్చినట్టుంటుంది. ఈ చిన్న హక్కే తక్కువది కాదు: ఫిఫోలో ఉన్న ప్రోగ్రామ్ లూపులో చిక్కితే మౌస్ కూడా కదలకపోవచ్చు. అందుకే మనం మార్చకపోతే, ప్రతి సెకనులో రియల్‌టైమ్ పనులకు 0.95 సెకను మించి ఇవ్వకుండా కెర్నల్ హద్దు పెట్టుకుంది. మిగిలిన ఆ కాస్తలోనే చిక్కిన ప్రోగ్రామ్‌ను చంపాలి. పిల్లలు ఆటలాడుకునే ఖాతాను మాత్రం ఆ గ్రూపులో చేర్చలేదు.