ధూళికట్ట: మృత్తికావిచారం

సుల్తానాబాద్‌కు అనతిదూరంలో, ఎలిగేడు మండలంలో ధూళికట్ట అనే గ్రామం ఉన్నది. శాతవాహనుల కాలంలో అది ప్రాకారావృతమైన నగరం. ఆ ప్రాకారం శిలానిర్మితం కాదు, మృణ్మయం. ఆంధ్రులకు కోటగోడలు గల ముప్పది నగరాలున్నవని రోమక గ్రంథకర్త ప్లినీ వ్రాశాడు. వాటిలో ఇదియూ ఒకటి కావచ్చునని చరిత్రకారుల ఊహ. 1970వ దశకంలో జరిగిన తవ్వకాలలో గృహాల పునాదులు, ధాన్యాగారాలు, బావులు, నాణేలు బయల్పడినవి. నేడు అక్కడ మిగిలినది గడ్డి మొలిచిన మట్టిదిబ్బ.

ఒక సాయంసమయాన ఆ దిబ్బపై ఒక గృహస్థు కూర్చుండి ఉన్నాడు. పొలాల నడుమ జానెడు గట్టు కోసం సోదరునితో ఏళ్ళ తరబడి వ్యాజ్యం. ఇద్దరూ తల్లి తద్దినం సైతం వేర్వేరుగా పెడుతున్నారు. ఆ తిథి మరునాడే.

మట్టిని ఎరిగినచో మట్టితో చేసినవన్నీ ఎరిగినట్లేనని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కుమారునికి బోధించాడు. కోట అనే నామం తొలగింది, మృత్తిక నిలిచింది. గట్టు గతి అంతే. నవద్వారపురమైన ఈ దేహం గతీ అంతే. పాదాలకు అంటిన ధూళిని చూస్తూ గృహస్థు ఇది గ్రహించాడు. అయితే ఇది శ్మశానవైరాగ్యమా, వివేకమా? దిబ్బ దిగిన పిదప నిలిచేదే వివేకం. పొలాన్ని విడువమని శాస్త్రం చెప్పలేదు, మమకారాన్ని విడువమన్నది.

ఆ కోట చేరువలోని బౌద్ధస్తూపపు ఫలకంపై ముచిలిందనాగుడు పడగ విప్పి ఉన్నాడు. తుఫానులో బుద్ధునికి గొడుగైన సర్పం అది. రక్షణ ద్వివిధం: పరులను ఆపే గోడ ఒకటి, పరునికి పట్టే పడగ మరొకటి. రాజుల గోడ కరిగింది. పడగను మాత్రం శిల్పి శిలలో నిలిపాడు.

చీకటి పడిన తరువాత అతడు సోదరుని వాకిట నిలిచాడు. మరదలు తలుపు తీసి, "రండి బావా" అన్నది. లోపలినుండి తమ్ముడు వచ్చి మౌనంగా నిలబడ్డాడు.

"తమ్మీ, రేపు అమ్మ తద్దినం. ఒక్కచోటనే పెడదాం."

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "వంటకు ఎవరిని పిలుద్దాం అన్నా?" అన్నాడు చివరకు.

గట్టు ఇంకా అక్కడే ఉన్నది. దాని కొలత తరువాత తేలుతుంది. ఏ గోడ ముందుగా కరగవలెనో అది కరిగింది.

ఓం తత్ సత్.