పెరటికోళ్లు, వీధిపొత్తు

మా యింటి పెరటిలో నాలుగు పెట్టలును ఒక పుంజును కలవు. ఇది వ్యాపారము కాదు. కేవలము వినోదమును కాదు. పల్లడము పరిసరములలో వేలకొలది కోళ్లను ఒక్క కప్పు క్రింద పెంచువారు కలరు. నామక్కల్ నుండి దినదినమును లారీలకొలది గుడ్లు నలుదెసలకు పోవుచున్నవి. బడిలో మధ్యాహ్నభోజనముతో మన పిల్లల పళ్లెమున పడు గుడ్డును అట్టి ఫారములనుండి వచ్చునదే. ఇట్టి కాలమున ఐదు కోళ్లతో సంసారమేల యని మిత్రులు నన్ను తరచు ప్రశ్నింతురు. వారికి నోటిమాటగా చెప్పినదానినే కొంత విపులముగా మన విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఇచట వ్రాయుచున్నాను.

ముందు లెక్క చూతము. ఫారములో పెరుగు తెల్ల లెగ్‌హారన్ జాతి పెట్ట యేడాదికి 300 గుడ్ల వరకు పెట్టగలదు. మన నాటుపెట్ట 60 గాని 70 గాని పెట్టినచో అదియే మేలు. ఫారపు గుడ్డు సుమారు 55 గ్రాములు తూగగా, నాటుగుడ్డు 40 గ్రాముల చుట్టుపట్ల నుండును. కాని ఫారపు పెట్టకు ఒక కొరత కలదు. అధికముగా గుడ్లు పెట్టు కోళ్లనే తరతరములుగా ఏరి పెంచుటచే దానికి పొదుగు స్వభావమే దాదాపు నశించినది. దాని సంతతిని పెంచుటకు యంత్రము కావలయును. నాటుపెట్టయో, పది పన్నెండు గుడ్లు పెట్టి, గంపలో పరచిన గుప్పెడు గడ్డిమీద తానే కూర్చుండి, 21 దినములకు పిల్లలను లేపును. దానికి మనము వేయవలసినవి నూకలు, తవుడు, వంటింట మిగిలిన మెతుకులు. తక్కిన మేతను పెరటిమన్ను గీరి, పురుగులను చెదలను ఏరుకొని తానే సంపాదించుకొనును. ఆ కొద్దిపాటి గుడ్లవలన వచ్చు రూకలు మన వీధులలో తల్లుల చేతిసొమ్ము. ఒక నోటుపుస్తకమునకో, పిల్లవాని మందుబిళ్లకో వేరొకరిని అడుగవలసిన పని లేకుండ చేయునది ఆ సొమ్మే.

పొదుగు దినములు పిల్లలకు మంచి పాఠము. ఏడవనాటి రాత్రి చీకటిగదిలో గుడ్డు వెనుక టార్చిలైటు పట్టి చూచినచో, జీవమున్న గుడ్డులో సాలెపురుగు కాళ్లవలె ఎఱ్ఱని నరములు కనబడును; జీవము లేనిది అంతయు ఒకే వెలుతురుగా నుండును. నా తరగతి విద్యార్థులు కొందరు మా యింటికి వచ్చి దీనిని చూచిరి. వారిలో ఒకడు, "సార్, అడెకు కూర్చున్న కోడి తిండికి లేయదా?" అని అడిగెను. 'అడె' యనునది తమిళపు మాట. తక్కిన వాక్యమంతయు తెలుగు. దినమున కొక్కసారి కొద్ది నిమిషములు మాత్రమే లేచి, తిని, నీరు త్రాగి, గుడ్లు చల్లారక మునుపే తిరిగి వచ్చునని చెప్పితిని. దీనిని పొదుగుట యందురని కూడ చెప్పితిని. ఆ మాట వాడు ఎన్నడును వినియుండలేదు.

పిల్లలు లేచిన పిమ్మట కష్టములు మొదలగును. ఆకాశమున గద్ద, కంచెలో ముంగిస, గోడమీద పిల్లి. తల్లికోడి ఆకాశపు శత్రువును చూచినపుడు ఒక విధముగాను, నేలమీది శత్రువును చూచినపుడు వేరొక విధముగాను అరచును. కొంతకాలము వినిన చెవికి ఆ భేదము తెలియును. ఐనను కన్ను మూసి తెరచునంతలో పని ముగిసిపోవును. గత సంవత్సరము మా తొమ్మిది కోడిపిల్లలలో మూడింటిని ముంగిసయు, రెండింటిని గద్దయు ఎత్తుకొనిపోయినవి.

ఇక ఇరుగుపొరుగు. పూర్వము ప్రతి యింటికిని పెరడుండెను. ఇపుడు పెరళ్లు సిమెంటు పరచుకొని గదులుగా మారుచున్నవి. కోడి గోడ దాటి పొరుగువారి కొత్తిమీర మడిని గీరును. పుంజు తెల్లవారుజామున నాలుగింటికే కూయును. ప్రక్కయింటి అవ్వ ఒకనాడు, "వాద్యారయ్యా, మీ పుంజుకి గడియారం ఒకటి కొనియ్యండి" అనెను. అప్పుడప్పుడు ఆ అవ్వకు రెండు గుడ్లు పంపుట మా యింట ఆచారమైనది.

వీటన్నిటిని మించినది తెగులు. ఆంధ్రదేశమున దీనిని కొక్కెర తెగులందురు. తమిళులు వెళ్లైక్కళిచ్చల్ అందురు, అనగా తెల్లని విరేచనము. 1926లో జావాద్వీపమునను, ఇంగ్లాండులోని న్యూకాజిల్ పట్టణ ప్రాంతమునను దీనిని మొదట గుర్తించిరి. మరుసటి యేడు మన దేశమున హిమాలయ ప్రాంతపు రాణీఖేత్ వద్ద కనబడుటచే దీనికి రాణీఖేత్ వ్యాధి యని పేరు వచ్చెను. ఈ తెగులు సోకిన కోడి రెక్కలు వ్రాలవేసి, నోరు తెరచి ఎగశ్వాస విడుచుచు, ఆకుపచ్చయు తెలుపును కలిసిన రెట్ట వేయును. కొన్నింటికి మెడ మెలిదిరిగిపోవును. ఒక వీధిలో ప్రవేశించినచో కొలది దినములలో గంపలన్నియు ఖాళీ యగును. సోకినపిమ్మట మందు లేదు; ముందుగా వేయించు టీకాయే శరణ్యము. కోడిపిల్లకు ఏడవ దినమున కంటిలోగాని ముక్కులోగాని ఒక చుక్క. ఎనిమిది వారములు దాటిన పిమ్మట సూదిమందు.

టీకా ఉన్నది గదా, ఇక కష్టమేమి యందురేమో. కష్టము సీసాలో నున్నది. పెద్దకోళ్లకు వేయు మందు పొడిరూపమున, 100 కోళ్లకు సరిపడు సీసాలలో వచ్చును. దానిని మంచుగడ్డల నడుమ చల్లగా తేవలయును. ఒకసారి ద్రవముతో కలిపినచో రెండు గంటలలో వాడివేయవలయును, మిగిలినది పారవేయవలసినదే. ఐదు కోళ్లు కలవాడు 95 కోళ్ల మందును నేలపాలు చేయుటకు ఎవరు ఒప్పుకొందురు? ఒంటరిగా నున్న యింటికి టీకా అందుట దుర్లభము. వీధి కలిసినచో సులభము.

మా వీధివారు కలిసిరి. పదునొక యిండ్లు, 83 కోళ్లు. చీకటిపడి గూట చేరిన కోళ్లను పట్టుట తేలిక గనుక సంజవేళనే నిర్ణయించుకొంటిమి. పిల్లలు టార్చిలైట్లు చూపిరి, తల్లులు కోళ్లను పట్టి యిచ్చిరి, సూది వేయుట తెలిసినవారు సూది వేసిరి. తెలుగు మాటలాడు ఇండ్లవారును, తమిళము మాటలాడు ఇండ్లవారును అందుండిరి. ఒకరు కోడి యనిరి, ఒకరు కోళి యనిరి. ఈ రెండు మాటలును తోబుట్టువులే. మన ళకారమునకు దగ్గరగా వినబడు తమిళ విశేషాక్షరమున్న చోట తెలుగున తరచు డకారము కనబడును. వారి ఏళు మన ఏడు. వారి మేళి మన మేడి. వారి పాళ్ మన పాడు. కోడియు ఇట్లే కలిసి పెరిగిన ప్రాణి. పెంపుడుకోడికి మూలము ఎఱ్ఱ అడవికోడి. కాని అనేక కోళ్లలో కనబడు పసుపుపచ్చని చర్మము మన పశ్చిమ కనుమలలో తిరుగు బూడిదవన్నె అడవికోడివలన సంక్రమించినదని 2008లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. కావున తమిళపు మాట వచ్చినందున తెలుగు మాట పోవలెనను నియమము లేదు. రెండును ఒక్క పెరటిలో మేయవచ్చును.

అట్లైనచో మాట ఎట్లు పోవుచున్నది? నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది చిత్తూరు జిల్లాలో. పుంజుల రంగులనుబట్టి డేగ, కాకి, నెమలి, పింగళ అను పేర్లు అచటనే నేర్చితిని. క్రీడాభిరామములోని కోడిపందెపు వర్ణనను అచటనే చదివితిని. కాని పొదుగు, మురుగుగుడ్డు, చిట్టు అను మాటలను నేను పుస్తకమున నేర్వలేదు. మధురకు దక్షిణమున తిరుమంగళము సమీపమునగల మా మేనత్త నోట వింటిని. ఆమెకు తెలుగు అక్షరములు రావు. ఐనను గంప ఎత్తుచు ఆమె పలికిన మాటలలో తడబాటు లేదు. ఇపుడు ముదిమిచే ఆమె కోళ్లను విడిచినది. ఆమె మనుమరాలు అంగడినుండి గుడ్లు తెచ్చును. గుడ్డు అను మాట ఆ బాలికకు తెలియును, మురుగుగుడ్డు తెలియదు. ఆ మాటతో పని లేనపుడు ఆమె దానిని ఏల నేర్చును?

విశ్వనాథనాయకుడు 1529లో మధుర పాలనము చేపట్టిన కాలమునుండి తెలుగువారు పెక్కుమంది దండుతోను, నాగలితోను ఈ సీమకు వచ్చి నిలిచిరి. 1736లో ఆ నాయకరాజ్యము అంతరించెను. పిమ్మట ఇచట మన భాషకు కోట లేదు, కొలువు లేదు. ఇల్లును పెరడును మిగిలినవి. ఆ రెండింటి ఆధారముతోనే అది దాదాపు 300 సంవత్సరములు జీవించినది. 2006 నాటి చట్టముచే తమిళము క్రమక్రమముగా అన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశమయ్యెను. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగు తరగతి నిలుచుటకు పిల్లల సంఖ్య కావలయును. ఈ విషయమున తరగతియు టీకాసీసా వంటిదే. ఒక్క యింటివారు ఎంత అభిమానముతో కోరినను, ఒక్క పిల్లవాని కొరకు ఉపాధ్యాయుని నియమించుట జరుగదు. పదునొక యిండ్లవారు ఒక్కటై వచ్చినపుడు మాట చెల్లును. తలిదండ్రులు తమ తమ యిండ్లలో భాషను గూర్చి చింతించుట చాలదు; పిల్లలను బడిలో చేర్చు దినములలో ఒకరి గడప ఒకరు తొక్కవలయును.

విద్యార్థులకు ఒక పని చెప్పెదను. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామమున పుట్టి, ఇంట తెలుగు మాటలాడుచు తమిళమున కీర్తిగాంచిన రచయిత కి. రాజనారాయణన్ గారు కరిసల్ సీమలోని పల్లెమాటలను ఏరి ఒక నిఘంటువుగా కూర్చిరి. వారు తమిళమునకు చేసిన దానిని మీరు మీ యింటి తెలుగునకు చేయవచ్చును. మీ అవ్వను, నాయనమ్మను అడిగి కోళ్లను గూర్చిన మాటలను పది వ్రాసి తెండు. తమిళపు మాట కలిసియున్నచో కొట్టివేయవలదు, ప్రక్కన వ్రాయుడు. మా వీధిలో మరల టీకా వేయుదినము సమీపించుచున్నది. ఏ యింట ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఎన్ని పిల్లలు గలవో తెలుపు జాబితాను ఈసారి ఎనిమిదవ తరగతివారు తెలుగున వ్రాయవలయును. 100 నిండుటకు ఇంకను 17 కోళ్లు కావలసియున్నవి.