విలాస నౌకలో వైన్ విందు: మనకు తగునా?

మా అమ్మాయి మమ్మల్ని మధ్యధరా సముద్రంలో నౌకాయానానికి రమ్మన్నది. ఒక్కొక్క వంటకానికి తగిన వైన్‌ను జతచేసి వడ్డించే ప్రత్యేక విందును కూడా బుక్ చేయమంటారా అని అడిగినది.

వైద్యునిగా నా లెక్క వినండి. 12 శాతం ఆల్కహాలు గల 150 మిల్లీలీటర్ల వైన్‌లో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దానిని వదిలించుకొనడానికి శరీరానికి గంటకు పైగా పట్టవచ్చు. ప్రతిసారీ సగమే పోసినా, ఆరు వంటకాలు ముగిసేసరికి మూడు గ్లాసులవుతాయి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ గాని వాడేవారికి ఆ రాత్రి నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు. చెమట, తూలు, మాట తడబాటు చూసి పక్కవారు మత్తనుకొంటారు. ఊగే ఓడలో వృద్ధులు జారిపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదమూ ఉన్నది. ఆల్కహాలుకు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసినది.

నేను మధుమేహిని. పైగా, పలు విలాస నౌకలలో ప్రత్యేక భోజనశాలలు టికెట్టు ధరలోనే కలిసి ఉంటాయి. వైన్ విందుకే అదనపు రుసుము. అందుచేత "వంట రుచి చూద్దామమ్మా, వైన్ వద్దు" అన్నాను.

ఆరోగ్యవంతులు తమ ఇష్టం తాము నిర్ణయించుకొనవచ్చు. మందులు వాడేవారు మాత్రం, పిల్లలు డబ్బు కట్టేశారన్న మొహమాటంతో గ్లాసు అందుకొనవద్దని నా మనవి.