కుక్క నోటి నుంచి దక్కిన కోడి

కుక్క నోటి నుంచి దక్కిన కోడికి పైకి కనిపించే దెబ్బ ఒకటైతే, ఈకల కింద దాగిన దెబ్బలు నాలుగుంటాయి. వేటకు గురయ్యే జీవులన్నిటిలాగే కోడి కూడా నొప్పిని బయటపెట్టదు. నీరసంగా కనిపించినదాన్నే శత్రువు ముందు పట్టుకుంటుంది కనుక, నిలబడగలిగినంత సేపూ నిలబడే ఉంటుంది. అందుకే దాన్ని బతికించడమంటే ముందుగా అది దాచుకున్నదాన్ని ఓపికగా వెతకడం. కూరకు పెంచిన కోడికి దెబ్బ తగిలితే వెంటనే కోసేయడం మామూలే. పేరు పెట్టి పిలిచి, అరచేతిలో గింజలు తినిపించిన కోడి సంగతి వేరు. దానికీ వైద్యం ఉంది. వేళకు చేస్తే చాలా కోళ్లు కోలుకుంటాయి.

సికింద్రాబాద్ లాలాగూడలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో వర్క్‌షాపు నెలకొల్పింది. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు, బస్తీలు పెరిగాయి. అలాంటి చోట పెరడు, గోడ వారన చెట్టు, కాస్త ఖాళీ జాగా ఉన్న ఇల్లు కోడికి ఎంత అనువో, దాన్ని వేటాడేవాటికీ అంతే అనువు. వీధికుక్క కోడిని కరిచి విదిలిస్తుంది. దానితో చర్మం చీలుతుంది, లోపల కండ నలుగుతుంది, ఒక్కోసారి ఎముక విరుగుతుంది. పిల్లి కోరలు సూదుల్లాంటివి. పైకి చిన్న రంధ్రమే కనిపించినా గాయం లోతుగా ఉంటుంది. ముంగిస పట్టపగలే వచ్చి మెడను పట్టుకుంటుంది. గద్ద ఆకాశం నుంచి దిగి పిల్లలను తన్నుకుపోతుంది. పందికొక్కు రాత్రిపూట గూటి కింద తవ్వి గుడ్లకూ పిల్లలకూ ఎసరు పెడుతుంది. ఏది దాడి చేసిందో తెలిస్తే గాయం ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

మొదటి గంటలో కోడి ప్రాణానికి గాయం కన్నా షాక్ వల్లే ముప్పు ఎక్కువ. జుట్టు పాలిపోతుంది, కాళ్లు చల్లబడతాయి, కళ్లు మూతలు పడతాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి తలో మాటా అనకుండా, ఒక అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, కోడిని అందులో ఉంచి, గాలి ఆడేలా పైన పలుచటి గుడ్డ కప్పి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. షాక్‌లో అది పడిపోతుంది. కనుక చలికాలంలో, వానల్లో గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచాలి. వేడి ఎక్కువైతే జరగడానికి మరో పక్క చోటు వదలాలి. హైదరాబాద్ మే నెల ఎండల్లో ఇది అక్కర్లేదు. అప్పుడు చల్లని నీడే మందు.

రక్తం కారుతుంటే మాత్రం ఆగకూడదు. శుభ్రమైన గుడ్డతో గాయం మీద అయిదు నుంచి పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోవాలి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదలవుతుంది. పట్టుకునేటప్పుడు రెక్కలు ఒంటికి ఆనేలా తువ్వాలు చుట్టాలి కానీ రొమ్మును నొక్కకూడదు. మనిషికి ఊపిరి ఆడించే ఉదరవితానం కోడికి ఉండదు; రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి. గట్టిగా హత్తుకున్నా ఊపిరాడదు.

కాస్త తేరుకున్నాక ఒళ్లంతా వెతకాలి. మంచి వెలుతురులో కోడిని ఒళ్లో పెట్టుకుని, మెడ నుంచి తోక దాకా ఈకలను వేళ్లతో ఎదురు దువ్వుతూ పాయలు తీయాలి. తడిసి ఉండకట్టిన ఈకల గుత్తి తగిలిన చోట ఆగాలి. చాలాసార్లు దాని కిందే కోర దిగిన రంధ్రం ఉంటుంది. రెక్కల కింద, తొడల లోపల, తోక మొదట్లో తప్పక చూడాలి. గాయం చుట్టూ ఉన్న ఈకలను పీకకుండా కత్తెరతో కత్తిరించాలి. పీకితే నలిగిన చర్మం ఇంకా చిరుగుతుంది. చర్మం వేళ్ల కింద చిటపటలాడుతూ గాలి బుడగలా ఉబ్బితే లోపల గాలిసంచి పగిలిందన్నమాట. తాగిన నీళ్లు గాయంలోంచి కారుతుంటే మెడ కింద మేత నిలవుండే సంచికి చిల్లు పడిందని అర్థం. ఈ రెండూ డాక్టరు చూడాల్సినవి.

గాయం కడగడానికి లీటరు నీళ్లలో తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే దాదాపు చెంచాన్నర, వేసి మరగబెట్టి చల్లార్చితే చాలు. సూది లేని సిరంజితో ధారగా కొట్టి మట్టి, ఈకల ముక్కలు పోయేదాకా కడగాలి. తర్వాత బెటాడిన్‌ను పలుచటి టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి అద్దాలి. లోతైన గాయంలో పసుపు, కాఫీపొడి కూరడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. కానీ ఆ పొడి లోపల ఉండకట్టి మురికిని పట్టి ఉంచుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కండను అదే తినేస్తుంది. మనుషుల నొప్పి మాత్రలు, మొద్దుబార్చే క్రీములు డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

పిల్లి కరిస్తే మర్నాటి దాకా చూద్దామనుకోకూడదు. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా బాక్టీరియా పక్షి రక్తంలోకి చేరితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగలదు. ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. లాలాగూడ వారికి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల అందుబాటులో ఉంది. విడిపించబోయిన మనిషికి కుక్క పన్ను తగిలితే, ముందు ఆ గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, వెంటనే రేబిస్ టీకాకు వెళ్లాలి.

మర్నాడో ఆ మర్నాడో గాయం చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారితే కుళ్లిందని చాలామంది భయపడతారు. అది కమిలిన గాయం రంగే. మనిషి ఒంట్లో కమిలిన రక్తం ఆకుపచ్చ అయి, తర్వాత పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రెండో మార్పు తెచ్చే ఎంజైము కోళ్లలో బాగా తక్కువ, కనుక వాటికి ఆకుపచ్చే నిలుస్తుంది. దుర్వాసన, నలుపు, చల్లబడిన చర్మం ఉంటేనే కుళ్లు. కోడి చీము కూడా ద్రవంలా కారదు, జున్నులా గడ్డకడుతుంది. అది పిండితే రాదు, డాక్టరే తీయాలి.

వానాకాలంలో అసలు శత్రువు ఈగ. అది పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. పెట్టెకు దోమతెర కట్టి, పూటపూటకూ గాయం చూసి, రెట్టతో తడిసిన గుడ్డ మారుస్తూ ఉండాలి.

నీళ్లు నోట్లో పోయకూడదు. నాలుక వెనకే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు చివర నీళ్లలో ముంచితే కోడి తనంతట తానే తాగుతుంది. మొదటి రోజు ఓఆర్‌ఎస్ నీళ్లు మంచివి. తర్వాత ఉడికించి చిదిమిన గుడ్డు, నానబెట్టిన దాణా, మెత్తగా ఉడికిన సజ్జలు పెట్టవచ్చు. కొత్త చర్మానికీ ఈకలకూ మాంసకృత్తులే ముడిసరుకు.

గాయపడ్డ కోడిని తోటి కోళ్లలో వెంటనే వదిలితే ఎర్రగా కనిపించిన చోటల్లా పొడుస్తాయి. అలాగని కనుమరుగు చేస్తే అవి దాన్ని మరిచి, తిరిగొచ్చినప్పుడు కొత్తదానిలా తరుముతాయి. మధ్యలో జాలీ ఉంచి, ఒకదానికొకటి కనిపించేలా పెంచడమే మేలు. గాయం పూర్తిగా మూసుకున్నాక సాయంత్రం గూట్లోకి చేరే వేళ కలపాలి. ఊడిన ఈకలు కొన్ని వారాల్లో మొలుస్తాయి. కత్తిరించినవి మాత్రం ఈకలు రాల్చే కాలం దాకా అలాగే ఉంటాయి. వెన్ను విరిగి కాళ్లు పడిపోయిన కోడి విషయంలో బాధ లేకుండా సాగనంపమని డాక్టరు చెబితే, అదీ దాని మీద దయే.

ఒకసారి రుచి మరిగిన జంతువు మళ్లీ వస్తుంది. కోళ్ల వల కోడిని లోపల ఉంచుతుంది కానీ కుక్కను ఆపలేదు. అరంగుళం కళ్ల వెల్డ్‌మెష్ కావాలి. దాన్ని నేలలో అడుగు లోతు దించితే పందికొక్కు తవ్వలేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లకు రంగురంగుల ఈకలుంటాయి. ఆకుల మధ్య, మట్టిలో గద్ద కంటికి అవి తెల్లకోళ్లంత సులువుగా దొరకవు. కోడికి రాత్రి చూపు చాలా తక్కువ. పొద్దుగూకగానే గంప కింద కమ్మి, పైన బరువు పెట్టాలి. గూడైతే గొళ్లెం బిగించాలి.

దాడి తర్వాత పెట్ట కొన్ని వారాలు గుడ్లు పెట్టకపోవచ్చు. ఒంట్లోని బలమంతా మరమ్మతుకే పోతుంది కనుక తొందరపెట్టే పని లేదు. గుడ్లు మొదలయ్యాక కూడా, మందులు వాడిన కోడి గుడ్లను డాక్టరు చెప్పిన గడువు ముగిసేదాకా తినకూడదు.